మళ్ళీ పాడితేనే పాట

ఫిబ్రవరి మాసం వచ్చేసరికి తెలుగు పట్టణాలలో ఎక్కడో ఒకచోట ఒక సభ జరుగుతుంది. వేదికమీద పూలదండ వేసిన చిత్రపటం, దానిముందు చిన్న దీపం, ఒక పక్కన హార్మోనియం, తబలా, వయొలిన్, వేణువు. మైకు ముందుకు వచ్చి నిలిచేవాడు వృత్తిరీత్యా గాయకుడు కానక్కరలేదు. పగలు బడిలో పాఠాలు చెప్పేవాడు కావచ్చు, కచేరీలో లెక్కలు చూచేవాడు కావచ్చు. పటానికి ఒకసారి నమస్కరించి, శ్రుతి చూచుకొని, కన్నులు మూసికొని ఆతడు గొంతు విప్పుతాడు. సభ నిశ్శబ్దమౌతుంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో కన్నుమూసినారు. నాటినుంచి అర్ధశతాబ్దం గడచిపోయినది. ఆ సభలలో కూర్చున్నవారిలో చాలామంది అప్పటికి పుట్టనైనా పుట్టలేదు. అయినా పాట మొదలు కాగానే దానితోపాటు పెదవులు కదిపేవారు వారిలోనూ ఉంటారు.

ఇటువంటి సభలను చూచి పెదవి విరిచేవారూ లేకపోలేదు. అసలు గాత్రం రికార్డులలో భద్రంగా ఉన్నది; కోరిన క్షణంలో వినవచ్చు; అటువంటప్పుడు ఈ నకలు ఎందుకు అని వారి ప్రశ్న. ఎంత బాగా పాడినా ఘంటసాల ఘంటసాలే గాని మరొకరు కాలేరని వారి వాదం. తేలికగా తోసిపుచ్చదగిన వాదం కాదది. కాని ముందు వరుసలో కూర్చుండి, ఏండ్ల తరబడి ఈ సభలను విడువకుండా వింటూ వచ్చిన అభిమాని ఒకడు ప్రతి ఊరిలోను ఉంటాడు. ఇంట్లో రికార్డులు లేక ఆతడు రావడం లేదు. వాటిలోని ప్రతి సంగతీ ఆతనికి కంఠస్థమే. అన్నీ తెలిసి, ఉన్నవన్నీ విని, మళ్ళీ ఆ కుర్చీలో వచ్చి కూర్చోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకితే, పాట ఎట్లా బ్రతుకుతుందో బోధపడుతుంది.

రికార్డులు లేని కాలాన్ని ముందుగా తలచుకోవలె. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందినారు. ఆయన గాత్రం ఎటువంటిదో ఈనాడు చెప్పగలవారు లేరు. కాని ప్రతి సంవత్సరం పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరీతీరాన, విద్వాంసులందరూ ఒక్కచోట కూర్చుండి ఆయన పంచరత్న కీర్తనలను ఏకకంఠంతో పాడుతారు. శిష్యుడు గురువు నోట విన్నాడు. ఆతని శిష్యుడు ఆతని నోట విన్నాడు. ఆ విధంగా నడచివచ్చిన పాట అది. "త్యాగయ్యగారు పాడినట్లే ఉన్నదా?" అని అక్కడ ఎవరూ అడుగరు. పాట నిలిచినదా, లేదా అన్నదే అక్కడి ప్రశ్న.

1902లో భారతదేశంలో గ్రామఫోను రికార్డింగు మొదలైనది. కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు ఆ తొలి రికార్డులలో సుప్రసిద్ధమైనవి. తరువాతి కాలంలో ఇంటింటికీ పరిచయమైన రికార్డు నిమిషానికి 78 మార్లు తిరిగే లక్క పలక. ఒక్కొక్క వైపున మూడు నిమిషాలకు కాస్త పైచిలుకు మాత్రమే పాటను పట్టగలిగేది. గంటల తరబడి కచేరీ చేయడానికి అలవాటుపడిన విద్వాంసులు మూడు నిమిషాలలో ముగించడం నేర్చుకొన్నారు. అంతకంటె పెద్ద మార్పు మరొకటి వచ్చినది. పాటా, దానిని పాడిన గొంతూ విడదీయరానివి అయినవి. ఆ తరువాత ఎవరు పాడినా, వినేవాని చెవిలో అసలు గొంతు ముందే వచ్చి కూర్చుండి ఉంటుంది. కాబట్టి పాత పాటను మళ్ళీ పాడడం నకలు అనే నింద యంత్రంతోపాటు పుట్టినదే గాని సంగీతంతో పుట్టినది కాదు.

ఘంటసాల సైతం వినికిడి విద్యలో పెరిగినవారే. 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో ఆయన పుట్టినారు. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ ఉంటే బాలుడు అడుగులు వేసేవాడు. తండ్రి పోయిన తరువాత సంగీతం నేర్చుకోవలెనన్న పట్టుదలతో విజయనగరం చేరుకొన్నాడు. అక్కడి మహారాజావారి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా వెలసిన విద్యాలయం. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి విద్య చెప్పినారు. మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకొంటూ ఆతడు చదువు సాగించినాడు. గురువు నోట విని, గురువు పాడినట్లు పాడి, ఆ తరువాతనే తన గొంతును తాను కనుగొన్నాడు. మొదట అనుకరణ, పిమ్మట స్వంతం. విద్యకు ఇంతకంటె వేరు దారి లేదు.

సినిమా పాటకు ఒక విచిత్రమైన లోపం ఉన్నది. కీర్తన సభలో పుట్టినది. పద్యం రంగస్థలంమీద మోగినది. జానపదగేయం పొలంలోను, పెండ్లిపందిటిలోను వినిపించినది. సినిమా పాట మాత్రం తలుపులు మూసిన గదిలో, శ్రోత లేనిచోట పుట్టినది. 1951 నాటి పాతాళభైరవికి గాని, 1957 నాటి మాయాబజారుకు గాని పాటలు తయారైన రోజులలో గాయకులూ వాద్యకారులూ ఒకేసారి కూర్చుండి వాయించవలసివచ్చేది. ఎవరు ఒక్క స్వరం తప్పినా అందరూ మొదటినుంచి ఆరంభించవలసినదే. అంతమంది శ్రమకు ఫలితమైన పాటకు తెరమీద వేరొకరు పెదవులు కలిపేవారు. రికార్డుమీద గాయకుని పేరు ఉండేది; వేణువు ఊదినవాని పేరు, తబలా వాయించినవాని పేరు సాధారణంగా ఉండేవి కావు. ఘంటసాల కూడా సభలలో పాడినారు. 1971లో ఐరోపా, అమెరికా దేశాలకు పోయి అక్కడి శ్రోతలను అలరించినారు. కాని అన్ని ఊళ్ళకూ ఒక్క మనిషి పోగలడా?

ఆ లోపాన్ని తీర్చినవి ఊరూరా వెలసిన పాట కచేరీలు. శ్రీరామనవమి పందిళ్ళలో, వినాయకచవితి రాత్రులలో, తిరునాళ్ళలో ఈ వాద్యబృందాలు తెల్లవారుజాము దాకా వాయించేవి. తబలా, డోలక్, వయొలిన్, వేణువు, క్లారినెట్, అకార్డియన్, గిటారు. వీటిలో దొరికినవాటితో సర్దుకొనేవారు. వీణ లేకపోతే ఆ భాగాన్ని మాండలిన్ మీద పలికించేవారు. పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే వాద్యభాగాన్ని వీరు 'బిట్టు' అంటారు. దానిని పట్టుకోవడానికి వ్రాసిపెట్టిన స్వరప్రతి ఏదీ దొరికేది కాదు. రేడియోలో పాట వచ్చే వేళకు చెవి ఒగ్గి కూర్చుండడం, హోటలులో మ్రోగే రికార్డును మళ్ళీ మళ్ళీ వినడం, ఇంటికి పోయి వాయించి చూచుకోవడం, ఇదే వారి అభ్యాసం. వినేవారికి ఇట్టే గడచిపోయే బిట్టు వెనుక వారాల సాధన ఉండేది.

ముందు వరుసలోని అభిమాని చూడవచ్చేది దీనినే. రికార్డు ఎన్ని మార్లు విన్నా ఒక్క తీరుగానే పలుకుతుంది. వేదికమీది పాట అట్లా కాదు. వేణువు ఊదేవాడు ఊపిరి ఎక్కడ తీస్తాడో కంటికి కనిపిస్తుంది. పై షడ్జమానికి పోయేముందు గాయకుని మెడనరం బిగుస్తుంది. ఎక్కడనో తాళం ఒక అర జారుతుంది. తబలావాడు గాయకునివైపు ఒక్క చూపు చూచి, మరుసటి ఆవృత్తంలో అందుకొంటాడు. సభలో సగంమందికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాడు మాత్రం తన కుర్చీలో కొంచెం ముందుకు వంగుతాడు. తప్పిపోయే అవకాశం ఉన్నచోటనే తప్పకపోవడంలో ఆనందం ఉంటుంది.

అయితే పటానికి దండవేసి పాడిన ప్రతి పాటా నివాళి కాబోదు. ఘంటసాల గొంతులోని గాంభీర్యాన్ని మాత్రమే పట్టుకొని, ఛాతీ బిగించి, ప్రతి అక్షరాన్నీ బరువుచేసి పాడేవారున్నారు. వారికి దొరికినది గొంతు నీడ మాత్రమే. పద్యం విషయం చూడండి. నాటకాలలో పద్యం చివర రాగాన్ని దీర్ఘంగా సాగదీయడం, "వన్స్ మోర్" అనిపించుకోవడం పరిపాటి. ఘంటసాల సినిమాలో ఆ సాగదీతను తగ్గించి, మాటను మాటగా వినిపించి, భావం ఎంత కోరితే అంతమేరకే రాగాన్ని వాడినారు. కరుణశ్రీ పద్యాలను ఆయన పాడగా విన్నవారికి, ఛందస్సు తెలియకపోయినా, పువ్వుల బాధ తెలిసినది. ఈనాటి గాయకుడు ఆయన కంఠాన్ని అనుకరించనక్కరలేదు. ఆ సంయమాన్ని అనుసరిస్తే చాలును. పదం ఎక్కడ విరవవలెనో, ఏ అక్షరంమీద ఆగకూడదో తెలిసి పాడినవాని గొంతు సన్ననిదైనా, బొంగురుదైనా, ఆ పాటలో ఘంటసాల ఉంటారు.

ఈ బృందాలు పాతపాటలను నిలుపడంతోనే ఆగలేదు. కొత్తవారికి బడులు కూడా అయినవి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాలలో స్థిరపడక పూర్వం మద్రాసులో ఒక లలితసంగీత బృందాన్ని నడిపినారు. అందులో వాయించినవారిలో ఇళయరాజా, ఆయన సోదరుడు గంగై అమరన్ ఉన్నారు. అంతకుముందు ఇళయరాజా తమ అన్న పావలర్ వరదరాజన్ బృందంతో తమిళదేశపు పల్లెలలో తిరిగినవారు. ఇతరుల పాటలను రాత్రికి ఇన్ని చొప్పున వాయించిన ఆ వేళ్ళే తరువాత వేల కొత్తపాటలకు స్వరం కట్టినవి.

ఇప్పుడు ఆ బడికి ఒక ప్రమాదం వచ్చిపడినది. గాయకుడు ఉంటాడు, మైకు ఉంటుంది, పటం ఉంటుంది. వాద్యకారులు మాత్రం ఉండరు. వారి స్థానంలో ఒక చిన్న యంత్రం. గాత్రం తొలగించిన వాద్యసంగీతాన్ని అది వినిపిస్తూ ఉంటే గాయకుడు దానిమీద పాడుతాడు. దీనిని 'ట్రాకు' అంటున్నారు. పది మందికి ఇవ్వవలసిన పారితోషికం మిగులుతుంది. అభ్యాసానికి కూడుకొనే శ్రమ తప్పుతుంది. చేతిలో పైకం తక్కువ ఉన్న చిన్న సభలవారిని దీనికై నిందించడం న్యాయం కాదు. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకొనే విద్యార్థికి ట్రాకు మేలే చేస్తుంది. కాని గాయకుడు జారితే అది ఆగి అందుకోదు. ఆతడు భావావేశంతో ఒక సంగతిని సాగదీస్తే అది వేచి ఉండదు. దాని ముందు పాడేవాడు దానికి లోబడి నడవవలసినదే.

1961లో వచ్చిన జగదేకవీరుని కథలో 'శివశంకరీ' అనే పాట ఉన్నది. పింగళి నాగేంద్రరావు రచన. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం. దర్బారీ కానడ రాగం. ఘంటసాల పాటను పాడబూనేవారికి అది పెద్ద పరీక్ష. తెరమీద ఎన్.టి. రామారావు ఆ పాట పాడుతూ, వేరు వేరు రూపాలలో తానే వాద్యాలను కూడా వాయిస్తూ కనిపిస్తారు. అది సినిమా మాయ. ఆ పాటను వేదికమీదికి ఎక్కించవలెనంటే మాయ చాలదు. వాద్యానికి ఒక్క మనిషి చొప్పున నిజమైన మనుషులు కావలె. వారందరూ ఒకరినొకరు విని తీరవలె. ట్రాకు వచ్చి మళ్ళీ ఆ సినిమా మాయనే సభలోనికి తెచ్చినది. ఒక్కడే నిలబడి ఉంటాడు, అన్ని వాద్యాలూ వినిపిస్తాయి, వాయించేవాడు కనిపించడు. వాయించేవారు కనిపించనప్పుడు, అది చూచి తానూ వాయించాలని ముచ్చటపడే పిల్లవాడు ఎక్కడినుంచి వస్తాడు?

బడులలో ఏటేటా వార్షికోత్సవాలు జరుగుతున్నవి. ఆ ఒక్కరోజు రెండు పాటలకైనా యంత్రాన్ని పక్కకు పెట్టి, ఊరిలోని హార్మోనియం మేష్టరునూ, డోలక్ వాయించేవానినీ పిలిచి, పిల్లలను వారితో కూర్చుండబెట్టి అభ్యాసం చేయించడం అసాధ్యం కాదు. పాట తప్పులతో మొదలు కావచ్చును. నాలుగు రోజులలో ఆ తప్పులే పిల్లలకు వినడం నేర్పుతవి. గురువు నోట విన్నది శిష్యుడు పాడినందువల్లనే మనదాకా వచ్చిన విద్య ఇది. రేపటికి చేరేదీ ఆ దారినే.

ముందు వరుసలోని అభిమాని అలవాటు ఒకటి గమనించదగినది. సభ ముగిసి, గాయకుని చుట్టూ జనం మూగినప్పుడు ఆతడు అటు పోడు. వేదిక మూలన ఒకడు తబలాలను గుడ్డలో మూటకట్టుకొంటూ ఉంటాడు. ఆతని దగ్గరకు పోయి, రెండవ చరణంలో ఆతడు అందుకొన్న చోటును చెప్పి, చేయి కలిపి, ఆ తరువాతనే ఇంటిదారి పడుతాడు.