గట్టి రబ్బరంతా బలమైన రబ్బరు కాదు

శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో మేధా రైలు పెట్టెల ఫ్యాక్టరీ 2023లో ప్రారంభమైంది. రైలు పెట్టె అనగానే మనకు ఉక్కే గుర్తొస్తుంది. కానీ కుదుపులు మింగే ప్యాడ్లూ, గాలి స్ప్రింగులూ, తలుపు చుట్టూ ఉండే బీడింగూ రబ్బరువే. రబ్బరు ఎంత గట్టిగా ఉంటే అంత మన్నుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. పచ్చి రబ్బరులో పొడవాటి అణుగొలుసులు ఒకదాని మీద మరొకటి జారిపోతుంటాయి. అందుకే ఎండకు జిగటగా మారుతుంది. 1839లో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి వేడి చేస్తే ఆ జిగట పోయింది. గంధకం గొలుసుల మధ్య వంతెనలు కట్టి, మొత్తాన్ని చేపల వలలా ముడివేస్తుంది.

ముడులు పెరిగేకొద్దీ రబ్బరు బిగుస్తుంది. చిరుగును తట్టుకునే శక్తి మాత్రం కొంతవరకే పెరిగి, ఆపైన పడిపోతుంది. ముడుల మధ్య గొలుసు మరీ పొట్టిదైతే సాగి ఒత్తిడిని పంచుకునే చోటుండదు. చిన్న పగులు ఆగకుండా పాకుతుంది. వంద పాళ్ల రబ్బరుకు రెండు మూడు పాళ్ల గంధకం వేస్తే సాగే రబ్బరు వస్తుంది. ముప్పై పాళ్లు దాటిస్తే వచ్చేది ఎబొనైట్, కొమ్ములా గట్టిది. వంతెన పొడవూ ముఖ్యమే: అనేక గంధకపు పరమాణువులున్న పొడవాటి వంతెన పదేపదే వంగే భాగానికి నప్పుతుంది, ఒకే పరమాణువున్న పొట్టిది వేడిని తట్టుకుంటుంది.

అలాగైతే ముడులు తగ్గిస్తే సరిపోదా? సరిపోదు. ముడులు చాలని బీడింగు నొక్కుడుకు అణిగి మళ్లీ లేవదు. ఆ సందులోంచి దుమ్మూ వాననీరూ లోపలికి వస్తాయి. నల్లపొడి కలపడం కల్తీ అనేవారూ ఉన్నారు. కానీ టైర్లలో వాడే ఎస్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరుకు కార్బన్ బ్లాక్ అనే ఆ నల్లపొడి కలిపితే, తెగేముందు తట్టుకునే లాగుడు దాదాపు పది రెట్లవుతుంది. సహజ రబ్బరుకు ఆ అవసరం తక్కువ, లాగినప్పుడు దాని గొలుసులే స్ఫటికాల్లా పేరుకుని పగులును అడ్డుకుంటాయి. అయితే గాలిలోని ఓజోన్ దాని గొలుసులను తెంచుతుంది. పాతబడిన రబ్బరును వంచి చూస్తే, సాగిన వైపు సన్నటి అడ్డగీతలు కనిపించేది అందుకే. బయటి గాలి తగిలే బీడింగులకు ఓజోన్‌ను తట్టుకునే ఈపీడీఎం అనే రబ్బరు వాడటానికి కారణమూ ఇదే.

కాబట్టి గట్టిదనం కొలిచే షోర్ గేజీ గుచ్చి, వచ్చిన అంకె చూసి సరుకు దించుకోవడం చాలదు. బీడింగు ముక్కను నాలుగో వంతు మేర నొక్కి, 70 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచి, వదిలాక ఎంత లేచిందో కొలవాలి. కుదుపులు మోసే ప్యాడ్‌నైతే అలసిపోయేదాకా వంచి చూడాలి.