సముద్రయానము – మనోయానము

యానము, యాత్ర అను పదములు 'యా' ధాతువునుండి ఏర్పడినవి. ధాతుపాఠమున ఈ ధాతువునకు ప్రాపణము అర్థముగా చెప్పబడినది. కావున యానమనగా కేవలము కదలుట కాదు, గమ్యమును పొందుట. ప్రాచీనులు సముద్రయానమును ఎట్లు భావించిరో నిర్ణయించుటకు ఈ అర్థము తోడ్పడును. శాస్త్రము నిషేధించుటచే భారతీయులు సముద్రమునకు వెఱచిరని ప్రచారమునందున్న అభిప్రాయము సమగ్రము కాదు.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన మాట నిజమే. కాని అదే గ్రంథము దానిని ఉత్తరదేశాచారములలో ఒకటిగా పేర్కొన్నది. ప్రసక్తమైనదానికే గదా ప్రతిషేధము! మనుస్మృతి సముద్రయాయియగు విప్రుని శ్రాద్ధమునకు అనర్హునిగా చెప్పుచునే, ఎనిమిదవ అధ్యాయమున సముద్రయానకుశలులు నిర్ణయించిన వడ్డీని ప్రమాణముగా గైకొన్నది. నిషేధము అధికారిభేదమును బట్టి వచ్చినదే కాని సర్వజనసాధారణము కాదని దీనివలన తేలుచున్నది.

ఆంధ్రదేశమున కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (క్రీ.శ. 1244) ఇందుకు సాక్ష్యము. తుపానులచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నౌకల సరకును పూర్వరాజులు హరించుచుండగా, గణపతిదేవుడు నియతమైన సుంకమును మాత్రమే గ్రహించి తక్కినదానిని వర్తకులకే విడిచెను. ప్రాణములకు తెగించి వచ్చినవారికి ప్రాప్తిని నిలుపుట రాజధర్మమైనది.

కావ్యములలో ఈ ప్రాప్తి మరింత సూక్ష్మమగును. శ్రీహర్షుని రత్నావళి నాటికలో సింహళ రాజపుత్రి నౌకాభంగమున ఒక పలకను పట్టుకొని బయటపడి, కౌశాంబీ అంతఃపురమున 'సాగరిక' అను పేర పరిచారికగా ఉండును. అదే నౌకాభంగమున బ్రదికిన మంత్రి వసుభూతి ఆమెను గుర్తించిన పిదపగాని ఆమె ప్రయాణము ముగియలేదు. దేహము తీరము చేరినను ప్రాప్తి ప్రత్యభిజ్ఞవలననే సిద్ధించినది.

మేఘసందేశమున దీనికి విపర్యయము కలదు. యక్షుని దేహము రామగిరియందే ఉన్నది. మనస్సు అలకాపురిని చేరినది. అయినను ఆ మనోయానము స్వేచ్ఛావిహారము కాదు. ఆమ్రకూటము, రేవానది, విదిశ, ఉజ్జయిని, కైలాసము క్రమముగా వచ్చును. మార్గము వంకరయైనను ఉజ్జయినిని చూచి పొమ్మని యక్షుడు మేఘునికి చెప్పును. త్రోవ నిజమైనదగుటచేతనే ఊహ నమ్మదగినదైనది.

నావికునకు ఓడ ఎట్టిదో విరహికి మనస్సు అట్టిది. రెంటికిని మార్గజ్ఞానము ఆవశ్యకము, ప్రాప్తియే ఫలము. కావున కావ్యమందలి మనోయానమును వాస్తవమునుండి పలాయనముగా వ్యాఖ్యానించుట ధాత్వర్థమునకే విరుద్ధము.