డెస్మండు: దేశనామమును, గృహనామమును

దేశమునుబట్టి మనుష్యునకుఁ బేరు వచ్చుట లోకమునఁ బలుచోట్లఁ గల యాచారము. తెలుఁగువారి యింటిపేర్లలోఁ బెక్కులు గ్రామనామములే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆయన యింటిపేరు మాత్రము కందుకూరను గ్రామమునుండి వచ్చినది. అయర్లాండు దేశమున నీ యాచారము మిక్కిలి యరుదు. అచ్చటి గృహనామములు ప్రాయికముగాఁ బూర్వపురుషుని పేరినుండి పుట్టినవి. 'ఓ' యనఁగా మనుమఁడు, వంశీయుఁడు అని యర్థము. 'మాక్' అనఁగాఁ గుమారుఁడు. ఓ నీలు, ఓ బ్రయను, మాకార్తీ మున్నగు ప్రసిద్ధనామము లన్నియు నిట్టివియే. అట్టి దేశమున స్థలనామముతో ముడివడిన కొలఁదిపాటి గృహనామములలో 'డెస్మండు' ఒకటి. ఈ పేరే యొకప్పు డొక రాజ్యమునకును, పిమ్మట నొక ప్రభుపదవికిని, సామాన్యకుటుంబముల కింటిపేరుగను, తుదకు వ్యక్తులకుఁ బెట్టుడుపేరుగను జెల్లినది. పేరొక్కటి గావున వీనినన్నిఁటిని నొకే వంశపరంపరగాఁ దలంచువారు పెక్కండ్రు. ఆ తలంపు నిలుచునదియో కాదో నామచరిత్రమే తేల్పఁగలదు.

డెస్మండు సమాసపదము. ప్రాచీన ఐరిషుభాషలో దీని రూపము 'దెస్‌ముము', షష్ఠీరూపము 'దెస్‌ముమన్'. ఇందలి యుత్తరపదమగు 'ముము' అయర్లాండు నైరృతభాగమునఁ గల ప్రాచీనమండలము పేరు. దానినే యాంగ్లేయులు 'మన్‌స్టరు' అందురు. పూర్వపదమగు 'దెస్' శబ్దమునకుఁ గుడి యనియు, దక్షిణదిక్కనియు రెండర్థములు గలవు. సంస్కృతమున 'దక్షిణ' శబ్దమునకును సరిగా నీ రెండర్థములే. ఈ సామ్యము కాకతాళీయము గాదు. లాటినునఁ గుడియని యర్థమిచ్చు 'డెక్స్‌టర్', గ్రీకున 'డెక్సియోస్' అను శబ్దములును నీ ధాతువునుండి వచ్చినవే. ఐరిషు మొదలగు కెల్టికుభాషలకు సంస్కృతముతోఁ జుట్టఱికము గలదని సర్ విలియం జోన్సు 1786 లోఁ గలకత్తాలోఁ జేసిన యుపన్యాసముననే సూచించెను. జర్మనుపండితుఁడు యోహాన్ జోయిస్ 1853 లోఁ బ్రకటించిన కెల్టికు వ్యాకరణముతో నా భాషల శాస్త్రీయపరిశీలనకుఁ బునాది యేర్పడెను. దక్షిణశబ్దము ప్రాకృతమున 'దక్ఖిణ'యై, దేశభాషలలో 'దక్కను' అయ్యెను. ఐరిషున మూలమందలి 'క్స' సంయుక్తము ద్విత్వసకారమై 'దెస్' అయ్యెను. కాఁబట్టి దక్కను పేరును, డెస్మండు పేరిలోని పూర్వపదమును నొకే మూలమునకుఁ జెందిన తోఁబుట్టువులు.

కుడిచేతి పేరు దక్షిణదిక్కునకేల వచ్చెను? సూర్యోదయమున కభిముఖముగా నిలిచి దిక్కుల నెంచుటచేత వచ్చెను. సంస్కృతమునఁ బూర్వ మనఁగా ముందున్నది, పశ్చిమ మనఁగా వెనుకనున్నది. ఐరిషునను దూరుపునకు ముందనియు, పడమరకు వెనుక యనియు నర్థమిచ్చు శబ్దములే వాడుకలో నున్నవి. ఉత్తరదిక్కు విషయమున మాత్ర మీ రెండుభాషలకును భేదము గలదు. ఐరిషున నుత్తరమునకు 'ఎడమ' యను నర్థము గల 'తూవథ్' శబ్దము వచ్చినది. సంస్కృతమున 'ఉత్తర' మనఁగా మీఁదిది, ఎత్తైనది. ఈ దిగ్వాచకములనుబట్టియే ముముమండలము విభక్తమైనది. దక్షిణభాగము డెస్మండు, ఉత్తరభాగము థోమండు, తూర్పుభాగము ఆర్మండు. పడమటిభాగమునకు 'ఇయర్‌ముము' అను పేరుండెడిది గాని, యది కాలక్రమమున లుప్తమయ్యెను.

ఈ మూఁడుపేళ్ల చివరఁ గానవచ్చు దకారధ్వని ఐరిషులో లేదు. 'ముమన్' అను షష్ఠీరూపము నాంగ్లేయులు 'మోన్' అని గ్రహింపఁగా, తుదినకారముమీఁద దకారధ్వని యాగమమై వచ్చెను. ఫ్రెంచినుండి 'సూన్' అని వచ్చిన శబ్దము ఆంగ్లమున 'సౌండు' అయిన తెఱఁగిట్టిదే. ఎడ్మండు, రేమండు అను పేళ్లలోని 'మండు' జర్మానికుభాషలకుఁ జెందినది. దాని యర్థము రక్షణము. డెస్మండులోని 'మండు'నకును దానికిని ధ్వనిసామ్యమే కాని యర్థసంబంధము లేదు.

ఇఁక రాజ్యచరిత్రము. 1118 వ సంవత్సరమున గ్లాన్‌మైరు సంధివలన మన్‌స్టరురాజ్యము రెండుగాఁ జీలెను. ఉత్తరార్ధము ఓ బ్రయనులకును, దక్షిణార్ధము మాకార్తీలకును దక్కెను. 1045 లో మరణించిన కార్తఖ్ అను ప్రభువు పేర మాకార్తీవంశ మేర్పడినది. నేఁటి కార్కు, కెర్రీ జిల్లాల భూభాగమే ప్రధానముగా వారి డెస్మండురాజ్యము. 1169 లో నార్మనులు అయర్లాండున నడుగిడిరి. వారిలో నొక శాఖయగు ఫిట్జ్‌జెరాల్డు వంశము మన్‌స్టరులో వేళ్లూనెను. 'ఫిట్జ్' అనునది నార్మను ఫ్రెంచిలోఁ గుమారవాచకము. 1329 లో నాంగ్లప్రభుత్వము ఆ వంశీయుఁడగు మారిసునకు 'డెస్మండు ఎరల్' అను పదవి నొసఁగెను. మాకార్తీలు నైరృతపర్వతప్రాంతముల నిలిచి డెస్మండు రాజులమనుట మానలేదు. అందుచే నొకే దేశనామమును రెండు వంశములు ధరించినవి. ఒకదానికిఁ బరంపరాగతమగు రాజ్యము హేతువు, రెండవదానికి రాజశాసనము హేతువు. రెండింటికిని డెస్మండు పదవీనామమే కాని గృహనామము గాదు. ఈ యంశము ముఖ్యముగా గుర్తింపఁదగినది.

నార్మనుప్రభువులు క్రమముగా దేశభాషను, దేశాచారములను నవలంబించిరి. మూఁడవ యెరల్ జెరాల్డు 1398 లో మరణించెను. ఆతఁడు ఐరిషున ఛందోబద్ధముగాఁ గవిత్వము చెప్పిన కవి. ఆంగ్లవలసవారు ఐరిషుభాష మాటాడరాదని కిల్కెన్నీ శాసనములు 1366 లో విధించినవి. అవి వెలసిన మఱుసటియేఁడే యాతఁడు ఆంగ్లరాజు పక్షమున అయర్లాండునకుఁ బ్రధానాధికారి యయ్యెను.

పదునాఱవశతాబ్దమున నీ పేరికిఁ బెద్దదెబ్బ తగిలినది. 1569 మొదలు 1573 వఱకును, మరల 1579 మొదలు 1583 వఱకును డెస్మండు తిరుగుబాట్లు జరిగెను. 1583 నవంబరు 11 వ తేదీని జెరాల్డు ఎరల్ ట్రలీ సమీపమున జంపఁబడెను. ఆతని శిరస్సు లండనునకుఁ బంపఁబడెను. యుద్ధమునను, దానివెంట వచ్చిన క్షామమునను మన్‌స్టరు పాడుపడెను. 1586 లో నెరల్ భూములు ప్రభుత్వపరమై యాంగ్లేయవలసవారికిఁ బంచిపెట్టఁబడెను. వాల్టరు రాలీ, కవియగు ఎడ్మండు స్పెన్సరు మున్నగువారి కా భూములలో భాగము లభించెను. 1596 లో మాకార్తీ పెద్దపదవియు నంతరించెను. దక్షిణ కెర్రీప్రాంతమున డెస్మండు పేర నొక జిల్లా మాత్ర ముండెడిది. 1606 లో నది కెర్రీలోఁ గలిసిపోయెను. అంతటితో డెస్మండు దేశపటమునుండి తొలఁగెను. నేఁడు కోటల పేళ్లలోను, చరిత్రగ్రంథములలోనుమాత్ర మా దేశనామము నిలిచియున్నది.

పదవి మాత్రము వేఱొకదారిఁ బట్టెను. జేమ్సురాజు దానిని స్కాట్లాండువాఁడగు రిచర్డు ప్రెస్టనున కొసఁగెను. ఆతఁడు 1628 లో మరణింపఁగా నది ఫీల్డింగు వంశపు జార్జికిఁ జెందెను. 1675 లో నది డెన్బీ ఎరల్ పదవితోఁ గలిసి, నేఁటికిని నా యాంగ్లవంశమునందే యున్నది. దేశము పోయెను, తొంటిప్రభువంశము పోయెను, పేరు మాత్ర మన్యులకుఁ జేరెను.

మఱి యింటిపేరి మాట యేమి? ఐరిషులో నిది 'ఓ దెస్‌ముమ్నిగ్'. 'దెస్‌ముమ్నఖ్' అనఁగా దక్షిణముముదేశీయుఁడు. దాని షష్ఠీరూపము 'దెస్‌ముమ్నిగ్'. సమస్తార్థము 'డెస్మండుదేశీయుని వంశమువాఁడు' అని. తెలుఁగున 'కందుకూరు' ఔపవిభక్తికమై 'కందుకూరి' యైనట్లే యిచ్చటను షష్ఠి గలదు. కాని భేద మొకటి యున్నది. తెలుఁగున షష్ఠి గ్రామమునకుఁ జేరును. ఐరిషున నది యా దేశమునుబట్టి పిలువఁబడిన మూలపురుషునకుఁ జేరును. అనఁగా నిది స్థలనామమువలెఁ గానవచ్చు పితృనామము. స్త్రీల విషయమున 'ఓ' స్థానమునఁ గుమార్తెకు 'నీ' యనియు, భార్యకు 'ఈ' యనియు వచ్చును. మొయ్‌నిహన్ అను నింటిపేరు మన్‌స్టరువాఁ డనుదానినుండియు, మాకనల్టీ యనునది అల్‌స్టరువాఁ డనుదానినుండియు నీ రీతిగనే యేర్పడినవి.

ఇట్టి విశేషణము మనుష్యునకుఁ దన దేశముననే యుండఁగా రాదు. డెస్మండులో నందఱును డెస్మండువారే. అచ్చట నా పేరు వ్యావర్తకము గాఁజాలదు. కానాఖ్టురాజగు ఈడ్ ఓ కానర్ 1274 మొదలు 1280 వఱకు నేలెను. ఆతఁడు కానాఖ్టు రాజవంశీయుఁడే. అయినను మన్‌స్టరునుండి వచ్చి రాజ్యము చేకొనుటచే 'ముయివ్నఖ్', అనఁగా మన్‌స్టరువాఁడు, అని వ్యవహరింపఁబడెను. తెలుఁగునాఁటినుండి పోయి కాశీలో స్థిరపడి 1887 లో సిద్ధిపొందిన సన్న్యాసిని నా నగరవాసులు త్రైలింగస్వామి యనిరి. ఆయన తెలుఁగునాఁటనే యుండిన నా పేరు వచ్చియుండదు. కావున దేశీయవాచకమగు పేరు పొరుగువారు పెట్టునది.

ఇచటఁ నొక శంక పొడమవచ్చును. డెస్మండు అను నింటిపేరుగలవారు అయర్లాండున నెక్కువగాఁ గార్కుజిల్లాలోనే, అనఁగాఁ బ్రాచీన డెస్మండులోనే యున్నారు. పై సూత్ర మెట్లు పొసఁగును? మూలపురుషునకుఁ బేరు వచ్చిన చోటు వేఱు, వంశీయులు నిలిచిన చోటు వేఱు. పేరొకసారి స్థిరపడి వంశపరంపరాగతమైన పిమ్మట, దానిని ధరించువా రెచ్చట నున్నను నది మాఱదు. కాఁబట్టి సూత్రమునకు బాధ లేదు.

ఆంగ్లపరిపాలనము దృఢపడిన పదునేడవశతాబ్దమున ఐరిషుపేళ్లు ఆంగ్లలిపిలోనికి మాఱినవి. పెక్కింటి మొదటి 'ఓ', 'మాక్' జాఱిపోయినవి. 'ఓ దెస్‌ముమ్నిగ్' అను నింటిపేరును వ్రాయసగాండ్రు పూర్వమే యెఱిఁగిన దేశనామముతో నేకముచేసి 'డెస్మండు' అనిరి. పొరపాటున కిదియే మూలము. ఐరిషున దేశనామమునకును, గృహనామమునకును స్పష్టమగు రూపభేదము గలదు. ఆంగ్లలిపిలో నా భేదము నశించెను. అంతటఁ గార్కులోని వ్యవసాయకుటుంబముల పేరు కోటలలోని యెరళ్ల పదవియుఁ జూపునకు నొక్కటియే యయ్యెను. ఎరళ్ల వంశనామము ఫిట్జ్‌జెరాల్డు. డెస్మండు అను నింటిపేరు వారు ధరించినది గాదు.

పిమ్మట నీ పేరు సముద్రములు దాఁటినది. 1845 లో నారంభించిన బంగాళాదుంపల తెగులువలన మహాక్షామము వచ్చెను. 1841 జనాభాలెక్కలో సుమారు 81 లక్షలున్న అయర్లాండుజనము 1851 నాఁటికి సుమారు 65 లక్షలకుఁ దగ్గెను. మృతులెందఱో, వలసపోయినవారును నందఱు. కార్కురేవగు కోవ్ వలసవారికిఁ బ్రధానద్వార మగుటచేఁ గార్కు ఇంటిపేళ్లు అమెరికాలో విరివిగా వ్యాపించెను. అచ్చట నీ పేరు వంశముతో నిమిత్తము లేకయుఁ జెల్లుబడి యయ్యెను. గాయకుఁడు జానీ డెస్మండు ఇటలీసంతతివాఁడు, ఆతని యింటిపేరు డి సిమోనె. వాద్యకారుఁడు పాల్ డెస్మండు జన్మనామము పాల్ బ్రైటెన్‌ఫెల్డు.

పందొమ్మిదవశతాబ్దమున డెస్మండు పెట్టుడుపేరుగను వాడుకలోనికి వచ్చెను. 1877 లో ప్లిమత్తున జన్మించిన విమర్శకుఁడు డెస్మండు మాకార్తీ నామమునఁ బ్రాచీనరాజ్యమును, రాజవంశనామమును గలిసినవి. 1922 మొదలు 1927 వఱకు ఐరిషు విదేశాంగమంత్రిగా నున్న డెస్మండు ఫిట్జ్‌జెరాల్డు పేరు వినినంతనే యెరళ్లు స్ఫురింతురు. కాని యాతఁడు 1888 లో లండనున జన్మించినవాఁడు, తల్లిదండ్రులు పెట్టిన పేరు టామస్ జోసెఫ్, డెస్మండు అనునది తాను గోరి పెట్టుకొన్నది. స్ఫటికశాస్త్రవేత్త జాన్ డెస్మండు బెర్నాల్ 1901 లో జన్మించిన నీనా పట్టణము డెస్మండున లేదు, ఆర్మండున నున్నది. ఆంగ్లసామ్రాజ్యముతోఁ బాటు నా పేరు దక్షిణాఫ్రికాకును, జమైకాకును జేరెను. 1984 లో నోబెలు శాంతిబహుమానము బడసిన డెస్మండు టూటూ 1931 లో దక్షిణాఫ్రికాలోని క్లెర్క్స్‌డార్పున జన్మించెను. దక్షిణముమును గాంచని పెక్కండ్రకు నిట్లు దక్షిణముము పేరైనది.

ఈ చరిత్రమువలన గ్రహింపవలసిన దిది: నామైక్యము వంశైక్యమునకుఁ బ్రమాణము గాదు. ఒక పేరు చూచినప్పుడు దాని నెవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి, ఏ భాషలిపిలోనికి మాఱినప్పు డేయే భేదములు పోయినవి యని మూఁడు విషయములు శోధింపవలయును. తెలుఁగు గృహనామముల విషయమునను నీ జాగ్రత్త యావశ్యకము. ఒకే గ్రామమునుండి వెడలిన భిన్నకులములవారి కొకే యింటిపేరుండుట కలదు. కందుకూరను నూరు కోస్తాలో నొకటియు, తెలంగాణమున రంగారెడ్డిజిల్లాలో నొకటియుఁ గలవు. కావున నింటిపేరొక్కటియే యాధారముగా వంశవృక్షములు గూర్చుట సాహసము. శాసనములు, దానపత్రములు, కైఫీయతులు మొదలగు వానిలో నా పేరు తొలుత నే యూర, నే రూపమునఁ గానవచ్చునో నిర్ణయించినపిమ్మటనే సంబంధము చెప్పఁదగును. పేరు త్రోవఁ జూపును. ఆ త్రోవలో నెవరు నడచిరో సాక్ష్యములే చెప్పవలయును.