సైన్యము విడిచిన టైర్లు

పశువుల సంతలో అనుభవశాలియైన రైతు ఎద్దు మేని నిగనిగలు చూచి మోసపోడు. ముందుగా నోరు తెరచి పళ్లు చూచును. పిదప నాలుగడుగులు నడిపించును. దాణా పెట్టి మేనికి నునుపు తేవచ్చును గాని పళ్లు దాచుట ఎవరి తరము? ఈ విద్య ఎద్దుల బేరమునకే పరిమితమని నేను చాలకాలము తలచితిని. 2019లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున నివసించు మా మేనల్లునితో కలిసి, అక్కడి సైన్యము వాడి విడిచిన టైర్లు కొనుటకు పోయినప్పుడు ఆ అభిప్రాయము మార్చుకొనవలసివచ్చినది.

మా వాడు ఒక పాత డాడ్జి ట్రక్కు కొనెను. సెలవుదినము వచ్చినచో దానిని రాకీ పర్వతములలోని త్రోవలపై నడుపుట వాని వేడుక. త్రోవలనుట మర్యాదకే, వెండి బంగారు గనుల కాలమున బండ్లు నడచిన రాళ్లబాటలవి. అట్టిచోట సాధారణపు టైర్లు నిలువవు. పెద్ద టైర్లు క్రొత్తవి కొందమన్న ధర మిన్నంటును. సైన్యమువారివి అందులో కొంతభాగమునకే లభించును. హమ్వీ అను సైనికవాహనపు టైరు ఎత్తు 37 అంగుళములు, వెడల్పు 12.5 అంగుళములు. సైన్యము తొలగించిన సామగ్రి వేలమునకు వచ్చును. వ్యాపారులు గుత్తగా పాడుకొని విడివిడిగా అమ్ముదురు. ఊరిబయట నున్న అట్టి వ్యాపారి ఒకని దొడ్డికి మేము పోయితిమి.

అక్కడ టైర్లు గోడలవలె పేర్చియున్నవి. వాటిని చూడగా రబ్బరునకును యుద్ధమునకును గల బంధుత్వము నాకు స్ఫురించెను. 1942లో జపాను మలయాను, డచ్చివారి తూర్పు ఇండియా దీవులను ఆక్రమించుటతో అమెరికాకు సహజమైన రబ్బరు రాక దాదాపు నిలిచిపోయినది. ఆ దేశమున యుద్ధకాలపు రేషను మొట్టమొదట వచ్చినది పంచదారకు కాదు, పెట్రోలుకు కాదు, టైర్లకే. పిమ్మట పెట్రోలును రేషను చేయుటకు కూడ టైర్ల అరుగుదలను తగ్గించుటయే ముఖ్యకారణము. కృత్రిమ రబ్బరు అచట మహాపరిశ్రమగా ఎదిగినది ఆ అవసరము వలననే. నేలమీదను నీటిమీదను నడచు డక్ అను వాహనమున డ్రైవరు తన చోటు కదలకయే టైర్లలో గాలి హెచ్చించుటకు, తగ్గించుటకు ఏర్పాటు చేసినదియు ఆ యుద్ధముననే. ఇసుకలో గాలి తగ్గించినచో టైరు పరచుకొని నేలను పట్టును. గట్టి బాటపై మరల నింపవలెను. ఒంటె పాదము ఎరిగిన రహస్యమే ఇది.

మా మేనల్లునకు ఈ చరిత్ర పట్టలేదు. ముందు వరుసలోని నాలుగు టైర్లపై వాని చూపు నిలిచినది. “మావయ్యా, గ్రిప్పు చూడండి! ఒక్క మైలు కూడా తిరిగినట్టు లేదు,” అని సంబరపడెను. నిజమే, వేలు సగము మునుగునంత లోతు. నాకు టైర్ల సంగతి ఏమి తెలియును? ఉపాధ్యాయుని అలవాటు చొప్పున అక్షరములు ఎక్కడ కనబడిన అక్కడ చదువుదును. కళ్లజోడు సవరించుకొని టైరు ప్రక్కభాగమున చూడగా డి.ఓ.టి. అను మూడక్షరములు, ఆ వరుస చివర 3404 అను అంకెలు కనబడినవి. “ఇదేమిటిరా?” అంటిని. వాడు మాటాడలేదు. దొడ్డి యజమాని, డెబ్బదేండ్లు పైబడిన ముసలివాడు, నవ్వి చెప్పెను: మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండు సంవత్సరము. అనగా 2004లో 34వ వారమున తయారైన టైరు. అప్పటికి దాని వయస్సు పదునైదేండ్లు. 2000కు పూర్వపు టైర్లపై మూడంకెలే యుండునట. అవి కనబడినచో బేరము మాని ఇంటికి పొమ్మనెను.

వాడని వస్తువు చెడదని మన నమ్మకము. రబ్బరు విషయమున అది తలక్రిందులైనది. గాలిలోని ఆమ్లజని, ఓజోను రబ్బరును నిరంతరము తినుచుండును. దానికి రక్షణగా రబ్బరులో ఒక విధమైన మైనమును, మరికొన్ని రసాయనములను కలుపుదురు. టైరు తిరుగుచు, వంగుచు ఉన్నంతకాలము ఆ మైనము పైకి ఊరివచ్చి పూతవలె నిలుచును. కదలక పడియున్న టైరులో ఆ ఊట సరిగా సాగదు. అప్పుడు ప్రక్కలను, గ్రిప్పు సందుల అడుగునను వెంట్రుకలవంటి బీటలు పుట్టును. లోపలి పొరలను పట్టియుంచు రబ్బరు పెళుసుబారినచో, వేగముగా పోవునప్పుడు గ్రిప్పంతయు తోలు వలిచినట్లు ఊడిరావచ్చును. కొన్ని కార్ల కంపెనీలు ఆరేండ్లకే టైరు మార్చుమనుచున్నవి. మిషెలిన్ కంపెనీ పదేండ్లు దాటరాదనుచున్నది. ముసలివాడు ఆ నల్లని టైరును బొటనవ్రేలితో అదిమి చూపెను. నునుపుగా కనబడిన చోటనే బీటలు నోరు తెరచినవి.

అంతటితో పోలేదు. మా ట్రక్కు రిమ్ము ఎంత అని అతడు ప్రశ్నించెను. పదహారంగుళములని మా వాడు చెప్పెను. హమ్వీ టైరు 16.5 అంగుళముల రిమ్మునకై చేసినది. మా వాడు అది ఎరుగకపోలేదు. అర అంగుళమేకదా, గాలి కొంచెము ఎక్కువ పెట్టినచో సర్దుకొనునని వాని ధీమా. ఆ మాట విని ముసలివాని ముఖమున నవ్వు మాసిపోయినది. భేదము అర అంగుళము మాత్రమే కాదు. టైరు అంచు కూర్చుండు చోటు ఒకదానిలో 5 డిగ్రీలు, రెండవదానిలో 15 డిగ్రీలు వాలియుండును. చిన్న రిమ్మునకు పెద్ద టైరు తొడిగినచో అంచునకు పట్టు దొరకక జారును. 16 టైరును 16.5 రిమ్మునకు తొడిగి గాలి నింపుట మరింత ఘోరము: అంచులోని ఉక్కుతీగల చుట్ట తెగి టైరు బాంబువలె పేలును. అట్లు గాలి నింపుచునే ప్రాణములు కోల్పోయినవారు ఆ దేశమున కలరు. హమ్వీ రిమ్మునే కొనిన సరిపోదా అంటిని. అది రెండు చెక్కలుగా నుండి బోల్టులతో బిగింపబడినది. లోపల గట్టి రబ్బరు చుట్టు ఒకటి యుండును. గుండు తగిలి గాలి పోయినను కొంతదూరము పరుగెత్తుటకు అది ఆధారము, టైరు అంచులను అదిమిపట్టునదియు అదియే. గాలి పూర్తిగా తీయక ఆ నట్టులు విప్పినవాడు బ్రతికిన అదృష్టవంతుడే. పైగా ఆ రిమ్ము మా ట్రక్కు ఇరుసునకు బిగించినను చక్రము లోపలికి జరిగి స్టీరింగు భాగములకు తగులునట.

అమ్ముకొనువాడే వలదని త్రిప్పిపంపుట నేను ఏ సంతలోను చూచి యెరుగను. ఆ దినము వట్టిచేతులతోనే వచ్చితిమి.

ఒక నెల పిదప మా వాడు పాత ట్రక్కులను విప్పి అమ్ముచోట 16.5 రిమ్ములు నాలుగు సంపాదించెను; 1970 ప్రాంతపు అమెరికా ట్రక్కులకు అవి విరివిగా ఉండెడివి. వాటిలో రబ్బరు చుట్టు లేదు గనుక రాళ్లబాటలో గాలి ఎక్కువ తగ్గింపరాదని ముసలివాడు మరీమరీ చెప్పెను. ఈసారి మా వాడు గ్రిప్పు సగము అరిగిన టైర్లనే ఏరుకొనెను. అంకెలు 1116, నొక్కినను, వంచినను బీట లేదు. ముందు వరుసలోని ఆ నిగనిగలాడు టైర్లు ఏమైనవని నేను అడిగితిని. ఒక రైతు తన గడ్డిబండికి పట్టుకొనిపోయెనట. ట్రాక్టరు వెనుక పొలములో మెల్లగా తిరుగు బండి. మన పల్లెలలో పాత టైర్లు తొడిగిన టైరుబండి వంటిదే. రోడ్డెక్కనంతకాలము దానికి అవి చాలునని ముసలివాడు అమ్మెను.