పాలు పితికే రోబో నేర్పే పాఠం

రోబో అనగానే మనిషిలా నడిచే ఇనుప బొమ్మే గుర్తొస్తుంది కదూ? కానీ వీటిలో ఎన్నో రకాలున్నాయి. 1961లో అమెరికా కార్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన 'యూనిమేట్' ఒట్టి చెయ్యి మాత్రమే. 1997లో అంగారకుడి మీద తిరిగిన 'సోజర్నర్' ఆరు చక్రాల బండి. 1999లో జపాన్‌లో సోనీ అమ్మిన 'ఐబో' ఆడుకునే కుక్కపిల్ల.

మరి పాడి రైతుకో? 1992లో నెదర్లాండ్స్‌లో పాలు పితికే రోబో కొట్టంలోకి వచ్చింది. దాణా కోసం ఆవు తనంతట తానే అందులోకి వెళ్తుంది. రోబో చన్నులు శుభ్రం చేసి, గొట్టాలు తగిలించి పాలు తీస్తుంది. నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా పరీక్షిస్తుంది. పొదుగువాపు సోకితే పాలలో ఉప్పు పెరిగి, వాటి గుండా కరెంటు తేలిగ్గా ప్రవహిస్తుంది. ఆ తేడా పసిగట్టి రైతును హెచ్చరిస్తుంది.

ఇంత ఖరీదైన యంత్రం చిన్న రైతు కొనలేడు. కానీ ఆ జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు. పితికే ముందు గిన్నెకు నల్లగుడ్డ కట్టి, ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు దానిమీద పిండి చూడండి. తరకలు, నెత్తురు చారలు కనిపిస్తే ఆ పాలు కలపకండి. వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించండి. ఆలస్యం చేస్తే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు.