మీకు తెలుసా? డ్రా అయినా పెద్దాటగాడికి నష్టమే!

నెల్లూరు తీరంలోని ఏ కావలి నుంచో వచ్చిన 2000 రేటింగు కుర్రాడు చెస్ టోర్నమెంటులో 2400 ఆటగాడి ఎదుట కూర్చున్నాడనుకుందాం. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే లెక్కలో 400 తేడా అంటే పెద్దాయన నుంచి నూటికి 92 పాయింట్లు ఆశిస్తారు. అందుకే గెలిచినా ఆయనకు దక్కేది 0.8 రేటింగు పాయింటే. డ్రా అయితే 4.2, ఓడితే ఏకంగా 9.2 పోతాయి! అదే డ్రాతో పద్దెనిమిదేళ్లలోపు కుర్రాడికి 16.8 పెరుగుతాయి. స్కోరుషీటు మీద ఎత్తు రాసే చెయ్యి వణికినా, ఒత్తిడంతా అవతలి కుర్చీలోనే.

ఈ లెక్కల్ని దాటుకునే మన వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. ఎంత గొప్ప సంగతి!