ఫౌంటెన్సు మఠము - దాని పుత్రికా మఠములు

ఇంగ్లండులోని యార్కు నగరమున నొక మఠములో నియమములు సడలినవని 13 మంది సన్న్యాసులు 1132లో దానిని విడిచిరి. ఆర్చిబిషప్పు థర్‌స్టన్ వారికి స్కెల్ నది లోయలో స్థలమొసంగెను. అదియే ఫౌంటెన్సు మఠము. అనంతరము వారు ఫ్రాన్సున సీతో యందు 1098లో పుట్టిన సిస్టర్షియను సంఘమున జేరి, క్లేర్వో మఠమును తల్లిగా నంగీకరించిరి.

ఈ సంఘమున క్రొత్త మఠము నెలకొల్పుటకు ఒక మఠాధిపతియు, 12 మంది సన్న్యాసులును పోవలెను. రెండు దశాబ్దములలోపల ఫౌంటెన్సు ఎనిమిది పుత్రికలను గనెను: 1138లో న్యూమిన్‌స్టరు తొలిది, 1146లో నార్వేలోని లీసా సముద్రము దాటినది. 1147లో బార్నాల్డ్స్‌విక్కున నిలువలేకపోయిన సన్న్యాసులు 1152లో కర్క్‌స్టాలునకు తరలిరి.

తల్లి మఠాధిపతి యేటేట వచ్చి పుత్రిక నడవడి పరీక్షించును. కాని పుత్రిక సొమ్ములో నొక కాసైనను కోరరాదు. బిడ్డలను పెంచువారికి ఈ నిబంధన రుచించునని మేము తలంతుము. దీనిని వ్రాసినవారిలో ముఖ్యుడు స్టీఫెన్ హార్డింగను ఆంగ్లేయుడు.

ఎనిమిదవ హెన్రీ కాలమున, 1539లో, ఫౌంటెన్సు మూతపడెను. కప్పులేని దాని గోడలు నేటికిని నిలిచియున్నవి. లీసాలో పునాదులును, కొన్ని తోరణములును మాత్రమే మిగిలినవి.